సమాచార భద్రత – సంస్థకు తగిన చట్రము

ధనమును పెట్టెలో దాచి తాళము వేయుట మానవునికి అనాదిగా తెలిసిన విద్య. కాని నేడు సంస్థల వద్దనున్న విలువైన సొత్తులో చాల భాగము ఇనుప పెట్టెలలో లేదు. కంప్యూటర్లలో అక్షరములుగా, అంకెలుగా ఉన్నది. ఆసుపత్రిలో రోగుల వివరములు, బ్యాంకులో ఖాతాదారుల లెక్కలు, కళాశాలలో విద్యార్థుల మార్కులు, ఆదాయ ధ్రువపత్రములు, ఉపకార వేతనము జమయగు ఖాతాల సంఖ్యలు – ఇవన్నియు ఇతరులు నమ్మి అప్పగించినవి. ఇట్టి సొత్తును ఉర్దూలో ‘అమానత్’ అందురు. అమానత్ పోయినచో మొదట నష్టపోవునది పుచ్చుకొన్నవాడు కాదు, అప్పగించినవాడే.

సమాచార భద్రతకు మూడు లక్ష్యములు గలవు: తగనివారి కంట పడకుండ గోప్యముగా ఉంచుట, ఎవరును అక్రమముగా మార్పకుండ యథాతథముగా నిలుపుట, అవసరమైనపుడు అందుబాటులో ఉంచుట. వీనిని ఏ ఒక్కరి చురుకుదనమునకో వదలక, ముప్పులేవో, జాగ్రత్తలేవో, బాధ్యులెవరో, తనిఖీ యెట్లు జరుగవలెనో ముందుగా నిర్ణయించుకొన్న క్రమమునే విధాన చట్రము అందురు.

ఇట్టి క్రమము అలవాటుగా నిలువనిచో ఏమగునో 2017లో అమెరికాలోని ఈక్విఫాక్స్ సంస్థ ఉదంతము తెలుపుచున్నది. ప్రజల ఋణచరిత్రను భద్రపరచు ఆ సంస్థ వాడుచున్న ఒక సాఫ్ట్‌వేరులో లోపమున్నదనియు, దానికి సవరణ వెలువడినదనియు మార్చి నెలలోనే తెలిసినది. సంస్థలో హెచ్చరిక పంపిరి. కాని చిరునామాల జాబితా పాతబడియుండుటచే అది చేరవలసినవారికి చేరలేదు. మే నెలలో చొరబాటుదారులు ప్రవేశించిరి. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరములు వారి చేజిక్కినవి. లోపము యంత్రములోనే కాదు, బాధ్యతల ఏర్పాటులోను ఉన్నది.

నేడు ప్రసిద్ధమైన చట్రములు పెక్కు గలవు. బ్రిటన్‌లో 1995లో ప్రారంభమైన బి.ఎస్. 7799 ప్రమాణముల పరంపర నుండి 2005లో ఐ.ఎస్.ఓ. 27001 అను అంతర్జాతీయ ప్రమాణము జన్మించినది. దాని 2022 నాటి కూర్పులో 93 నియంత్రణలు గలవు. అందు 37 సంస్థ నిర్వహణకు, 8 సిబ్బందికి, 14 భవనములు మొదలగు భౌతిక వసతులకు, 34 సాంకేతిక విషయములకు చెందినవి. బయటి ఆడిటర్లు పరీక్షించి దీనికి ధ్రువపత్రమిత్తురు. అమెరికా ప్రభుత్వ సంస్థయైన నిస్ట్ 2014లో వెలువరించిన చట్రమునకు 2024లో రెండవ కూర్పు వచ్చినది. పరిపాలించుట, గుర్తించుట, రక్షించుట, కనిపెట్టుట, స్పందించుట, పునరుద్ధరించుట అను ఆరు విధులు దాని అంగములు. ఇది మార్గదర్శియే కాని, నిస్ట్ దీనికి ధ్రువపత్రమీయదు. లాభాపేక్ష లేని సి.ఐ.ఎస్. సంస్థ 2021లో తన జాబితాను 18 నియంత్రణలుగా సవరించి, చిన్న సంస్థలు మొదట 56 జాగ్రత్తలతో ప్రారంభింపవచ్చునని సూచించినది.

మరి వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? నాలుగు ప్రశ్నలు దారి చూపును. మొదటిది, చట్టమును ఒప్పందమును ఏమి కోరుచున్నవి? కార్డులపై చెల్లింపులు స్వీకరించువారికి పి.సి.ఐ. ప్రమాణము ఐచ్ఛికము కాదు. మన దేశమున 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశములు, నిర్దేశించిన సైబర్ దుర్ఘటనలను 6 గంటలలో తెలుపవలెనన్నవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, తగిన భద్రత కల్పింపని వారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించినది. రెండవది, మననుండి రుజువు కోరువారెవరు? విదేశీ ఖాతాదారులకు పనిచేయు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థకు 27001 ధ్రువపత్రము అక్కరకు వచ్చును. రుజువు కోరువారు లేని చిన్న సంస్థకు ఆ వ్యయము భారమే. మూడవది, మన వద్ద ఏమున్నది, అది పోయిన ఎవరికి హాని? నాలుగవది, ఎన్నుకొన్నదానిని ఏటేట నిలుపుకొనుటకు మనకు మనుష్యులు, ధనము గలవా?

చివరి ప్రశ్నను మరచువారు పెక్కుమంది. ధ్రువపత్రము సంస్థ ప్రకటించిన పరిధికి మాత్రమే వర్తించును. ప్రధాన కార్యాలయమునకు లభించిన పత్రము శాఖలోని కంప్యూటరును కాపాడజాలదు. గోడకు పటము కట్టి, ఉద్యోగము వీడినవాని పాస్‌వర్డును రద్దు చేయకుండుట, తాళము వేసితిని గొళ్ళెము మరచితిని అన్నట్లుండును.

మన కళాశాల వంటి సంస్థకు పెద్ద పేరుగల చట్రముకన్న, నిత్యము ఆచరింపగల చిన్న చట్రమే మేలు. ఏ కంప్యూటరులో ఏ వివరములున్నవో జాబితా వ్రాయుట, ఒక్కొక్కదానికి బాధ్యుని నియమించుట, అందరును ఒకే పాస్‌వర్డు వాడుటను మానిపించుట, రికార్డుల నకలును వేరొకచోట భద్రపరచి అది తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించుట – ఇవి పెద్ద వ్యయము లేని ఆరంభములు. రేపు ఉద్యోగములలో ప్రవేశింపనున్న విద్యార్థులు ఈ అలవాట్లను ఇక్కడనే నేర్వవలెను. ఉపకార వేతనముపై ఆధారపడి చదువుకొను పేద విద్యార్థి తన ఖాతా సంఖ్యను దరఖాస్తుపై వ్రాసి ఇచ్చునపుడు ఏ ప్రమాణమని అడుగడు, మనలను నమ్మును. ఆ నమ్మకమును నిలుపగల చట్రమే మనకు తగిన చట్రము.