జరహెమ్లా ఎక్కడ ఉన్నది? – గ్రంథంలోని స్థలాలను వర్ణించే పద్ధతి

పల్నాటిలోని వెల్దుర్తి నుండి మాచర్ల మీదుగా కృష్ణ ఒడ్డుకు పోతే నాగార్జునకొండ వస్తుంది. ఆ లోయలో శిథిలాలు 1926లో బయటపడినవి. జలాశయం నీరు ముంచివేయక ముందే, 1954–60 మధ్య, పెద్దయెత్తున త్రవ్వకాలు జరిగినవి. అక్కడి ఇక్ష్వాకుల శాసనాలు ఆ నగరాన్ని విజయపురి అని పేర్కొన్నవి. కాని కొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు అక్కడ నివసించినట్లు ఆ శాసనాలు చెప్పవు. అది తరతరాల ఐతిహ్యం. ఈ రెండు విషయాలను ఒకే తూనికతో వ్రాసినవాడు అబద్ధం ఆడకపోయినా పాఠకుణ్ణి దారి తప్పించినట్లే.

ఇదే చిక్కు మార్మన్ల గ్రంథం విషయంలో మరింత ముదిరి కనిపిస్తుంది. జోసఫ్ స్మిత్ 1830లో అమెరికాలోని పామైరా పట్టణంలో ఆ గ్రంథాన్ని ప్రకటించాడు. క్రీ.పూ. 600 ప్రాంతంలో లేహై అనే వ్యక్తి కుటుంబంతో జెరూసలేం విడిచి, అరేబియా ఎడారి దాటి, ఓడలో అమెరికా చేరాడని అందులోని కథనం. జరహెమ్లా నగరం, సీదోను నది, చివరి యుద్ధం జరిగిన కుమోరా కొండ అందులోనివే. ఈ మతస్థులు మనకు మరీ దూరపువారు కారు. 2012లో హైదరాబాదులో వారి 'స్టేక్', అనగా ప్రాంతీయ సంఘాల సమాఖ్య, ఏర్పడింది.

జరహెమ్లాను గూర్చి ఒక విజ్ఞాన సర్వస్వంలో వ్రాయవలసి వస్తే ఏమి వ్రాయాలి? "అమెరికాలోని ఒక ప్రాచీన నగరం" అంటే ఒక వర్గం విశ్వాసాన్ని చరిత్రగా మార్చినట్లు అవుతుంది. "కట్టుకథలోని ఊరు" అంటే వివరించక మునుపే తీర్పు చెప్పినట్లు. "మార్మన్ గ్రంథం ప్రకారం" అని మొదలుపెట్టడమే సరియైన త్రోవ. అయితే నిష్పక్షపాతం అంటే ఇరువైపులా సమానంగా తూచడం కాదు. ఆ నగరాన్ని మధ్య అమెరికాలో చూపేవారున్నారు, ఉత్తర అమెరికాలో చూపేవారున్నారు. వారి చర్చి మాత్రం ఏ స్థలాన్నీ అధికారికంగా నిర్ణయించలేదు. ఆ మతానికి వెలుపలి పురావస్తు శాస్త్రజ్ఞులు అటువంటి నగరపు ఆనవాళ్లను గుర్తించలేదు. ఈ సంగతిని దాచడం మర్యాద అనిపించుకోదు.

మరి వారి పండితుల పుస్తకాలు ఆధారాలుగా పనికిరావా? పనికివస్తాయి. గ్రంథంలో ఏమున్నదో, అనుయాయులు ఏమి నమ్ముతారో చెప్పడానికి వారికంటె తెలిసినవారు లేరు. ఆ ఊరు నేలమీద ఉండేదా అన్న ప్రశ్నకు మాత్రం వారి మాట ఒక్కటే చాలదు, వాది తన తరఫున తానే సాక్ష్యం చెప్పుకున్నట్లు అవుతుంది కనుక.

యెమెన్ ఉదాహరణ ఇక్కడ ఆసక్తికరం. లేహై ప్రయాణంలో ఇష్మాయీలు అనే వ్యక్తిని (ఈయన ఇస్మాయీల్ ప్రవక్త కారు) నాహోమ్ అనే చోట ఖననం చేశారని ఆ గ్రంథం చెబుతుంది. మారిబ్ వద్ద జర్మన్ పురావస్తు బృందం త్రవ్విన ఆలయంలో, నిహ్మ్ తెగ పేరు చెక్కిన ఒక బలిపీఠం దొరికింది. అది క్రీ.పూ. 7–6 శతాబ్దాల నాటిది. మార్మన్ పండితులు దీన్ని గొప్ప నిదర్శనంగా ఎత్తిచూపారు. ఆ రాయి సాక్ష్యమిచ్చేది ఆ కాలంలో ఆ పేరుగల తెగ ఉన్నదని మాత్రమే. లేహై ఆ దారిన నడిచాడని అది చెప్పదు.

ఈ తేడాను గుర్తించడం ముస్లిం పాఠకులకు కష్టం కాకూడదు. ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు అని అడగడం హదీసు శాస్త్రానికి పునాది. దివ్య ఖుర్ఆన్ పేర్కొన్న ఇరమ్ విషయమే చూడండి. అది దమిష్క్ అనీ, ఇస్కందరియా అనీ, ఊరు కాదు ఒక తెగ అనీ వచ్చిన అభిప్రాయాలను తబరీ చెప్పినవారి పేర్లతో సహా నమోదు చేశారు. బంగారు ఇటుకల నగరం కథలను ఇబ్నె కసీర్ కల్పితాలని త్రోసిపుచ్చారు. ఇంత జాగ్రత్త నేర్పిన సంప్రదాయం ఉండి కూడా, ఒమాన్‌లోని షిస్ర్ వద్ద పాత కోట బయటపడినదని 1992లో వార్త రాగానే "ఇరమ్ దొరికింది" అని చాలామంది సంబరపడ్డారు. ఆ గుర్తింపుపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. నాహోమ్ విషయంలో మనకు కనిపించిన తొందరపాటు ఇక్కడ కనిపించకపోతే తప్పు త్రాసుది కాదు.

జరహెమ్లా పేరుతో ఒక ఊరు నిజంగానే వెలిసిందన్నది మరొక విశేషం. 1841లో జోసఫ్ స్మిత్ ఆదేశంతో, మిసిసిపీ నదికి అవతల, నావూ పట్టణానికి ఎదురుగా, అయోవా గడ్డపై అనుయాయులే ఆ పేరు పెట్టుకున్నారు. దీన్ని గూర్చి వ్రాసేటప్పుడు "గ్రంథం ప్రకారం" అనవలసిన పని లేదు.