నూతినీరును, పట్టపరీక్షకు జేసిన పరిశోధనయు



ముప్పదియైదేండ్లు బడిలో వ్యాకరణమును, కావ్యములను చెప్పి విశ్రాంతి గైకొన్న నేను రసాయనశాస్త్రమును గూర్చి ప్రసంగింప బూనుట సాహసమే. అయినను గత సంవత్సరము నా మనుమరాలు బి.ఎస్సీ. చివరి యేట చేసిన పరిశోధన సగము మా యింటి వసారాలోనే జరిగినది. ఆమెతో నూతినుండి నూతికి సీసాలు మోసినవాడను నేనే. కావున కన్నంత మేరకు విన్నవించెదను.

మొదటి యేండ్లలో విద్యార్థి చేయు ప్రయోగములకు ఫలితము ఉపాధ్యాయునికి ముందే తెలిసియుండును. అది అభ్యాసము. చివరి యేట చేయు పనిలో ఫలితము గురువునకును తెలియదు. 2020లో ప్రకటించిన జాతీయ విద్యావిధానము నాలుగవ యేట ఇట్టి పరిశోధనకు చోటు కల్పించినది.

మాది ప్రకాశము జిల్లాలోని మెట్ట గ్రామము. మా పిల్ల మొదట "భూగర్భజల కాలుష్యము" అను విషయమును వ్రాసికొని పోగా, ఆమె అధ్యాపకురాలు ఆ కాగితమును తిరిగి యిచ్చి, ఇది విషయమే గాని ప్రశ్న కాదనినదట. పిల్ల కంట నీరు పెట్టుకొని వచ్చినది. నాకు మాత్రము ఆ మాట నచ్చినది. మన తర్కశాస్త్రమునందును సంశయము స్పష్టముగా నిలువనిదే విచారణ సాగదు గదా. ప్రశ్న కుదురుటకు నెల పట్టినది. దానిని కుదిర్చినది మా యింటి యిల్లాలు. "ఏ నూతినీటిలో కందిపప్పు బాగుగా ఉడుకునో నన్నడుగుము, చెప్పెదను" అని ఆమె యనగా, పిల్ల ఉలికిపడి పుస్తకములు తిరుగవేసినది.

కారణ మేమనగా: పప్పు ఉడుకనీయని నీటిలో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, మెండుగా నుండును. దానినే కఠినజల మందురు. ఫ్లోరైడు అను మఱియొక లవణాంశము నల్లరాతి నేలలలోని ఖనిజములనుండి నీటిలో దిగును. కాల్షియ మున్నచోట ఫ్లోరైడు దానితో కూడి కరగని పదార్థమై అడుగంటును. కాల్షియము తక్కువయైన మెత్తని నీటిలో నిలిచిపోవును. అట్లయినచో మనము మంచినీరని మెచ్చుకొను నీటియందే ఫ్లోరైడు హెచ్చుగా నుండవలెను! మా యూరి నూతులలో నిది నిజమా, కాదా? ఇదియే ప్రశ్న.

ఫ్లోరైడు మితిమీరినచో పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు పడును. ఏండ్లు గడచినకొలది ఎముకలు బిగిసి నడుము వంగిపోవును. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వైద్యులు 1937లోనే వర్ణించియున్నారు. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము వఱకు మేలనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. దీనికి రుచి లేదు, వాసన లేదు. కాచినను పోదు, నీరు ఆవిరియైన కొలది మఱింత చిక్కనగును.

ఇరువదినాలుగు నూతులను, బోరులను ఎన్నుకొన్నారు. బోరునీరు పట్టుటకు ముందు పది నిమిషములు తోడి పాఱబోయవలెను. గొట్టములో నిలిచిన నీరు సాక్ష్యమునకు పనికిరాదు. ప్లాస్టిక్కు సీసాలను అదే నీటితో ముమ్మాఱు తొలచి, నింపి, తేదీయు లోతును వ్రాసి అంటింపవలెను. లోతు చెప్పుటకు మనవారిలో ననేకులు జంకిరి. పన్ను వేయుదురేమోయని యొకరి భయము.

కాఠిన్యమును కొలుచుట కన్నుల పండువు. నీటిలో నొక రంగు చుక్కవేయగా ద్రాక్షరసమువలె ఎఱ్ఱనగును. బ్యూరెట్టు అను గీతల గొట్టమునుండి ఇ.డి.టి.ఎ. అను ద్రావణమును బొట్టు బొట్టుగా విడువగా, ఒక బొట్టునకు హఠాత్తుగా నీలమగును. అంతవఱకు పట్టిన ద్రావణమే కాఠిన్యమునకు కొలత.

ఫ్లోరైడునకు మార్గము వేఱు. జిర్కోనియము అను లోహముతో కూడిన ఎఱ్ఱని రంగొకటి కలదు. ఫ్లోరైడు ఆ లోహమును లాగికొనును, రంగు వెలియును. ఎంత వెలిసినదో యంత్రము చెప్పును. అయితే యంత్రమునకు ముందుగా తూనిక నేర్పవలెను. సోడియము ఫ్లోరైడు 221 మిల్లీగ్రాములు లీటరు స్వేదనజలములో కరగించినచో అందు ఫ్లోరైడు సరిగా 100 మిల్లీగ్రాము లుండును. దానిని పలుచన చేసి తెలిసిన మెట్లు కట్టి, తెలియని నీటిని ఆ మెట్లతో పోల్తురు. 1.4 దాటినచో ఈ పద్ధతి నమ్మదగినది కాదు. సగము స్వేదనజలము కలిపి కొలచి, వచ్చినదానిని రెట్టింపవలెను. ప్రతి నీటికిని ముమ్మాఱు.

ఇక్కడ నొక చిక్కు వచ్చినది. కోవెల నూతినీటిలో రంగు మిక్కిలి వెలిసినది. లెక్క మూడు దాటినది. ఆ మాట ఎట్లో బయటకు పొక్కి, ఉత్సవమునకు ముందు దేవుని నూతికి అపకీర్తి తెచ్చితిరని పెద్దలు నన్ను అరుగుమీద నిలువదీసిరి. నేను సమాధానము చెప్పలేకపోతిని. కాని పిల్ల ఒకటి గమనించినది: ఆ నీటిలోని రంగు ఒకచోట నిలువక గడియ గడియకును తగ్గుచున్నది. ఫ్లోరైడైనచో అట్లు జరుగరాదు. విచారింపగా, ఉత్సవమునకై ఆ నూతిలో బ్లీచింగు పొడి వేసిరి! అందలి క్లోరిను రంగును చంపివేసినది. దానిని విఱుచు మందు చుక్కవేసి మఱల కొలువగా లెక్క 0.9 మాత్రమే. నేను ఇంటింటికి పోయి చెప్పి వచ్చితిని. నింద పోయినంత వేగముగా నిజము పోదని అప్పుడు తెలిసినది.

తరువాతి వంతు మా యింటిది. మా బోరునీరు తియ్యన. పప్పు ఇట్టే ఉడుకును. ఎందఱికో నేనే బిందెలు పంపియున్నాను. కాఠిన్యము 110, ఫ్లోరైడు 2.6. మూడు మాఱులును అంతే. ఉప్పన యని మేము విడిచిన పాతనూతిలో కాఠిన్యము 480, ఫ్లోరైడు 0.8. పిల్ల ఆ కాగితమును నా ముందు పెట్టి మాటాడక కూర్చున్నది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పక్కయింటి పిల్లవాని పండ్లు కన్నులయెదుట మెదలినవి.

మొత్తముమీద మెత్తని నీటనే ఫ్లోరైడు హెచ్చుగా కానవచ్చినది. కాని రెండు బోరులు ఈ నియమమునకు లొంగలేదు. అందు రెండును హెచ్చే. వానిని విడిచినచో గీత చక్కగా వచ్చునని తోడి విద్యార్థిని యొకతె సలహా చెప్పినదట. వ్యభిచారమును దాచిన హేతువు హేత్వాభాసమని నేను చెప్పితిని. అధ్యాపకురాలు తన భాషలో అదియే చెప్పినది. ఆ రెండును గ్రంథమునకెక్కినవి. పరీక్షాధికారులు అందఱికన్న ఎక్కువ ప్రశ్నించినదియు వానిని గూర్చియేనట. "కారణము నాకు తెలియదు, ఆ రాతిని పరీక్షింపవలెను" అని పిల్ల బదులు చెప్పినది. వారు తలయూచిరట.

పటికయు సున్నమును వేసి ఫ్లోరైడును తగ్గించు నల్లగొండ పద్ధతి యొకటి కలదు. మోతాదు నీటినిబట్టి మాఱును గనుక పరీక్ష లేక చేయరాదు. మేము ప్రస్తుతము పాతనూతినీటిని కాచి త్రాగుచున్నాము. కాచుట సూక్ష్మజీవులకై గాని ఫ్లోరైడునకై కాదు. పప్పు ఉడుకుటకు గంట పట్టుచున్నదని యింటిలో సణుగుడు కలదు. బోరునీరు స్నానమునకును, మల్లెపాదులకును. లోగడ నేను బిందెలు పంపిన తొమ్మిది యిండ్లకును స్వయముగా పోయి ఆ కాగితమును చూపి వచ్చితిని. ఏడిండ్లవారు విన్నారు. తక్కిన రెండిండ్లకు ఈ వారము మఱల పోవుదును.