గడప లేని నేల

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు అటూ ఇటూ లేస్తున్న కొత్త ఇళ్లలో చాలామంది మేస్త్రీకి చెప్పే మాట ఒకటే. హాల్లో మొదలైన టైల్స్ బెడ్‌రూముల్లోకీ వంటగదిలోకీ ఎక్కడా తెగకుండా పోవాలి, గీతకు గీత కలవాలి. చూపుకు ఇల్లు పెద్దదిగా కనిపిస్తుంది, ఊడ్చడం తేలిక. కోరికలో తప్పేమీ లేదు. కాకపోతే అది మేస్త్రీ చేతిపనిని లెక్కల పనిగా మార్చేస్తుంది.

పాత ఇళ్లలో ఈ బెడద లేదు. నేల తాండూరు బండలదో షాబాద్ బండలదో అయ్యేది. తాండూరు ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉంది గానీ 2016 దాకా రంగారెడ్డి జిల్లాలోదే. అక్కడి సున్నపురాయి నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది, అందుకే పొర వెంట చీలి చదునైన బండగా వస్తుంది. గదిగదికీ గడప ఉండేది. గడప దాటితే కొత్త నేల, కొత్త లెక్క. హాల్లో వరస అంగుళం పక్కకు పోయినా ఆ తప్పు గడప దగ్గరే ఆగేది. ఇప్పుడు లోపలి తలుపులకు మూడు పక్కల దర్వాజాలే. కింది కొయ్యతో పాటు తప్పును ఆపే గట్టూ పోయింది, నేల కాస్త కదలడానికి ఉన్న సందూ పోయింది.

ముందు గీత సంగతి. రెండడుగుల టైలు అంటే 600 మిల్లీమీటర్లు. మొదటి వరస ఒక్కో టైలుకు 1 మిల్లీమీటరు చొప్పున వాలితే, 10 మీటర్ల అవతల బెడ్‌రూం గోడకు చేరేసరికి 17 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. హాల్లో కంటికి ఆనని వంకర అక్కడ గోడ వార సన్నని కోసు ముక్కలుగా బయటపడుతుంది. గోడను నమ్మి మొదలుపెడితే ఇదే గతి, ఎందుకంటే ప్లాస్టరింగు అయ్యాక ఏ గది మూలలూ కచ్చితంగా కుదరవు. తెలిసిన మేస్త్రీ గోడ జోలికి పోడు. ఎక్కువ ద్వారాల గుండా సూటిగా పోయే దారి చూసుకుని ఇంటి ఈ చివరి నుంచి ఆ చివరికి దారం కడతాడు. దానికి అడ్డంగా మరో దారం. రెండింటి మధ్య మూల సరిచూడటానికి చేతిలోని చిన్న మూలమట్టం చాలదు. ఒక దారం మీద 6 అడుగులు, రెండో దాని మీద 8 అడుగులు గుర్తుపెట్టి, ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా 10 రావాలి. యజ్ఞవేదికలు కొలవడానికి శుల్బసూత్రాలు చెప్పిన 3, 4, 5 లెక్కే ఇది. ఆ తర్వాత మాలు వేయకుండా ఒక వరస ఉత్తగా పరిచి చూసి, కోత ముక్కలు మంచం కిందికో బీరువా కిందికో పోయేలా సర్దుకుంటాడు.

మట్టం దగ్గర వాస్తు అడ్డొస్తుంది. ప్రతి గదికీ విడిగా ఈశాన్యం వాలు కావాలనేవాళ్లున్నారు. గడప ఉన్నన్నాళ్లూ అది చెల్లింది. ఇప్పుడు ద్వారంలో పడే టైలు సగం ఈ గదిలో, సగం ఆ గదిలో ఉంటుంది. టైలు వంగదు కదా! వాలు ఇవ్వాల్సిందే అంటే ఇల్లంతా ఒకే వాలు.

అసలు చిక్కు నేల కదలికలో ఉంది. స్లాబూ, దాని మీది మాలూ ఆరుతూ నెలల తరబడి కుదించుకుపోతాయి. 10 మీటర్ల పొడవుకు 3 నుంచి 5 మిల్లీమీటర్లు మామూలే. వేడి తేడాల వల్ల వచ్చే మార్పు ఇంతకన్నా చిన్నది: 15 డిగ్రీల తేడాకు అంతే పొడవు కాంక్రీటులో ఒకటిన్నర మిల్లీమీటరు, టైల్స్‌లో ఒకటి. విట్రిఫైడ్ టైలు 1,200 డిగ్రీల దగ్గర కాలి వచ్చింది, ఇక కుదించుకోవడానికి దానిలో ఏమీ మిగల్లేదు. కింద నేల ముడుచుకుంటుంటే పైన టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గోడకు ఆనించి, మధ్య సందు లేకుండా పరిస్తే ఆ ఒత్తిడికి పోయే దారి పైకే. పక్కపక్కనున్న రెండు టైల్స్ మీద 1 మిల్లీమీటరు కుదింపు పడిందనుకుందాం. అవి ఇంటికప్పులా లేచి నిలబడితే నడుమ ఎత్తు ఎంత? కర్ణం 600, అడుగు 599.5. లెక్క వేస్తే దాదాపు 24 మిల్లీమీటర్లు, అంగుళానికి కాస్త తక్కువ. చలికాలం రాత్రి ఢామ్మని టైల్స్ లేచాయని ఇంట్లోవాళ్లు కంగారుపడేది ఇందుకే. దయ్యం పనీ కాదు, భూకంపమూ కాదు.

అతుకు గట్టిగా ఉంటే లేవవు. కానీ విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతం కూడా నీరు పీల్చదు. గరుకు బండకు పట్టినట్టు సిమెంటు పాలు దీనికి పట్టవు. అందుకే పళ్ల తాపీతో దువ్వి పరిచే పాలిమర్ అడ్హెసివ్ వాడాలి. అక్కడక్కడా ముద్దలు పెట్టి ఆనిస్తే అడుగున డొల్ల మిగులుతుంది.

సందులు మాత్రం తప్పవు. టైలుకూ టైలుకూ మధ్య 2, 3 మిల్లీమీటర్ల స్పేసరు పెట్టాలి. గోడ వార అర సెంటీమీటరుకు పైగా ఖాళీ వదలాలి, దాన్ని స్కర్టింగ్ కప్పేస్తుంది. ఇంటి లోపల 20, 25 అడుగులకొకటి, ఎండ పడే బాల్కనీలో 8 నుంచి 12 అడుగులకొకటి గ్రౌటుకు బదులు సాగే సీలెంటు నింపిన సందు ఉండాలి. దాని చోటు ద్వారమే. తలుపు మూస్తే సరిగ్గా దాని కిందికి వచ్చేలా, గ్రౌటు రంగులోనే వేస్తే ఏ గదిలోంచీ కనబడదు. ఒత్తిడి ఎక్కువగా పోగయ్యేదీ ఆ ఇరుకులోనే. దర్వాజా మూలకు సరిపడేలా టైలును మెట్టులా కోస్తే పగులు ఆ లోపలి మూల నుంచే బయల్దేరుతుంది. ముందు అక్కడ చిన్న గుండ్రటి రంధ్రం తొలిచి, తర్వాత కోస్తే ఒత్తిడి ఒక్కచోట పేరుకోదు.

కొనేటప్పుడు పెట్టెల మీది బ్యాచ్ నంబరు, సైజు ఒక్కటేనా చూసుకోవాలి. బట్టీలో కాలేటప్పుడు టైలు కుదించుకునే తీరు బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ కాస్త మారుతుంది. అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఇల్లంతా సాగే గీత నిలవదు. ఒకటి రెండు పెట్టెలు అదనంగా తీసుకుని అటక మీద పెట్టుకుంటే మంచిది. పదేళ్లకు అవీ చాలక ఒక గది నేల పూర్తిగా మార్చాల్సి వస్తే, కోత మొదలుపెట్టాల్సింది తలుపు కింది ఆ మెత్తని సందు నుంచే.