కొలువు బొమ్మల రంగు ఎందుకు పగులుతుంది?

దసరా దగ్గరపడగానే అటకమీది ట్రంకుపెట్టెలు దించి, పాతచీర పేలికలలో చుట్టిన బొమ్మలను విప్పి చూచుకోవడం మన ఇండ్లలో ఆనవాయితీ. తమిళనాటను, కన్నడనాటను తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు ఈ బొమ్మలే చాలాచోట్ల ఇంటి చరిత్ర. అవ్వ కాపురానికి తెచ్చుకొన్న ఎర్రచందనపు జంట, తాతగారు సంతలో కొన్న మట్టి దశావతారాలు, ఒకటేమిటి!

వీటిలో రంగు వెలిసినవాటికి ఇంట్లోనే రంగు వేసుకొనడం ఈమధ్య హెచ్చింది. చిన్నసీసాలలో దొరికే అక్రిలిక్ రంగు నీళ్లతో కలుస్తుంది, ఘాటైన వాసన ఉండదు, త్వరగా ఆరుతుంది. అంతా బాగానే ఉన్నది. మరుసటి ఏడు పెట్టె తెరిస్తే లక్ష్మీదేవి చెక్కిలిమీద ఎండిన చెరువులోని నెర్రెలు! రంగు మంచిది కాదని దుకాణదారును తిట్టుకొంటారు. మేము చూచినంతలో తప్పు సీసాలో ఉండడం అరుదు. తొందరలోనో, రంగు క్రింద ఉన్నదానిలోనో ఉంటుంది.

అక్రిలిక్ రంగు అనగా నీటిలో తేలే అతిసన్నని ప్లాస్టిక్ రేణువులు, వాటితో కలిసిన రంగుపొడి. నీరు ఆవిరి కాగానే రేణువులు దగ్గరకు చేరి, ఒకదానికొకటి అతుక్కొని పొర కడతాయి. ఆరేటప్పుడు ఆ పొర కొంత కుంచించుకొంటుంది. ఆరిన పిమ్మట నీటికి కరగదు. ఈ రెండు సంగతులూ మనసులో ఉంచుకొంటే తక్కినది సులభంగా బోధపడుతుంది.

ఒకేసారి దళసరిగా పూస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. లోపలి నీరు పోయి కుంచించుకొనేసరికి పైపొర చీలుతుంది. సన్నని వలలాంటి పగుళ్లు కనబడితే ఇదే కారణమని అనుకోవచ్చు. ఎండలో పెట్టినా, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి కొట్టినా అదే ఫలితం. ఆఫీసులకు పోయేవారికి ఆదివారం ఒక్కటే గదా, ఆ పూటలోనే ముగించాలని తొందర! పలుచగా రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ నడుమ పూర్తిగా ఆరనిచ్చి, నీడలో వేయవలె. పలుచన అంటే నీళ్లు కుమ్మరించడం కాదు. నీరు మరీ ఎక్కువైతే రేణువులు చాలక రంగు పట్టు తప్పి పొడిలాగ రాలుతుంది. సుమారు 10 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన పొర సరిగా కట్టదు గనుక, ఉదకమండలంలో ఉన్న మనవారు చలికాలపు రాత్రులు ఈ పని పెట్టుకోరాదు.

విరిగిన చేతిని తెల్లజిగురుతో అతికి, అది పచ్చిగా ఉండగానే రంగు వేయడం మరొక పొరపాటు. క్రింది జిగురు కదులుతూ పైరంగును చీలుస్తుంది. కావాలనే ఇలా చేసి పగుళ్లు తెప్పించే పనితనం కూడా ఒకటి ఉన్నది. పటం చట్రానికి అది అందమే. సరస్వతి ముఖానికి కాదు.

ఇక అసలు సంగతి. పాత మట్టిబొమ్మలకూ, కాగితపుగుజ్జు బొమ్మలకూ చాలావాటికి సుద్దపూత పూసి, దానిమీద జిగురు కలిపిన నీటిరంగులు వేసేవారు. బొమ్మ అడుగున ఒక మూల తడివేలితో మెల్లగా రుద్ది చూడండి. వేలికి సుద్దగాని రంగుగాని అంటితే, దయచేసి అక్రిలిక్ సీసా మూత పెట్టేయండి. కుంచించుకొనే కొత్తపొర క్రింది బలహీనమైన సుద్దను పట్టి లాగుతుంది. పెచ్చుగా లేచిన రంగును తిప్పి చూస్తే వెనుక తెల్లగా అంటుకొని ఉంటుంది. అప్పుడు ఊడివచ్చేది మనం వేసిన రంగు మాత్రమే కాదు. ఏనాటివాడో ఒక్క గీతలో దిద్దిన కనుబొమ్మ కూడా దానితోపాటే పోతుంది. అక్రిలిక్ నీటికి కరగదు, సుద్ద కరుగుతుంది. కడగబోతే ఉంచవలసినది పోయి, పోవలసినది నిలుస్తుంది. అటువంటి బొమ్మకు మెత్తని పొడికుంచెతో దుమ్ము దులపడమే చాలు. రంగు వెలిసినంత మాత్రాన కొలువుకు పనికిరాకపోదు.

కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికికర్రతో చేసినవి. అతుకులకు చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు వాడతారు. దానికి తడి గిట్టదు. చన్నపట్న, ఏటికొప్పాక బొమ్మలది లక్కపని. ఆ నున్నటి లక్కమీద అక్రిలిక్ నిలువదు, గోటితో లాగితే తొక్కలాగ వస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే వాటి మెరుపు అదే వస్తుంది. స్పిరిటు మాత్రం తగలనీయరాదు, లక్కను కరిగిస్తుంది.

కొత్తగా కొన్న మట్టిబొమ్మ పగిలితే బాగుచేయవచ్చు. లేచిన పెచ్చులను తీసి, అంచులు సన్నని ఉప్పుకాగితంతో సమం చేసి, దుమ్ము తుడిచి, అక్రిలిక్ ప్రైమరు ఒక పలుచని పూత వేసి ఆరనివ్వండి. కాల్చిన మట్టి నీటిని పీల్చుకొంటుంది గనుక ఈ పూత లేకపోతే రంగులోని తడిని ముందే లాగేస్తుంది. మట్టి లోపల చెమ్మ ఉంటే ఏ ప్రైమరూ ఆదుకోదు. వర్షాకాలం వెళ్లేదాకా ఆగండి. చెక్కబొమ్మమీద పాత ఎనామిలు ఉంటే ఆ నునుపుమీద రంగు పట్టదు, గరుకు చేయవలసి వస్తుంది. అయితే పాత ఎనామిలులో సీసం ఉండవచ్చును. పొడిగా రుద్దకుండా కొద్దిగా తడిచేసి రుద్దండి, పిల్లలను దగ్గరకు రానీయకండి.

పండుగ కాగానే ప్లాస్టిక్ సంచులలో కట్టి అటకెక్కించవద్దు. వేసవి వేడికి అక్రిలిక్ పొర కొంచెం మెత్తబడి సంచికి అంటుకొంటుంది, విప్పేటప్పుడు రంగు చిరుగుతుంది. వార్తాకాగితం చుట్టినా అచ్చు అంటవచ్చు. ఉతికిన నూలుగుడ్డలో ఒక్కొక్కటిగా చుట్టి, ఒకదానిపై ఒకటి బరువు పడకుండా సర్దండి.