‘దాత’ శబ్దం వెనుక: మూత్రపిండదానానంతర జీవన నాణ్యత – ఒక పరిశీలన

మన్సూరాబాద్‌కు సమీపంలోని సరూర్‌నగర్‌లో 2025 జనవరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరుగుతున్న అక్రమ మూత్రపిండ మార్పిడి బయటపడింది. అక్కడ మూత్రపిండం ఇచ్చినవారు తమిళనాడుకు చెందిన ఇద్దరు పేద స్త్రీలు. వార్తాకథనాలు వారిని ‘దాత’లనే పేర్కొన్నాయి. కుమారునికి మూత్రపిండమిచ్చిన తల్లిని పేర్కొనడానికీ మనకున్నది ఆ మాటే. భిన్నమైన ఈ రెండు స్థితులను ఒకే పదం కప్పివేయడం వల్ల దాతల తదనంతర జీవితం మన చర్చకు అందకుండా పోతున్నదని చెప్పవలసి ఉంది.

వైద్యపరంగా చూస్తే దానం చాలావరకు సురక్షితమే. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో కవల సోదరునికి మూత్రపిండమిచ్చిన రోనాల్డ్ హెరిక్ 2010 వరకు, 79 ఏళ్లు జీవించాడు. మిగిలిన మూత్రపిండం కొంత పెరిగి, మునుపు రెండూ కలిసి చేసిన పనిలో దాదాపు 70 శాతం నిర్వహిస్తుంది. 3,698 మంది దాతలపై మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించిన అధ్యయనంలో దాతల ఆయుర్దాయం సాధారణ జనాభాతో సమానంగానే ఉంది. వారిలో పరీక్షకు ఎంపికైన 255 మంది జీవన నాణ్యత సగటుకన్నా మెరుగని తేలింది. అయితే దాతలు మొదటే ఆరోగ్యవంతులుగా ఏరబడినవారు. అంతే ఆరోగ్యవంతులైన ఇతరులతో పోల్చిన 2014 నాటి అమెరికా అధ్యయనం ప్రకారం, 15 ఏళ్లలో మూత్రపిండాలు పూర్తిగా విఫలమయ్యే ప్రమాదం పదివేల మంది దాతల్లో సుమారు 31 మందికి, ఇతరుల్లో నలుగురికి. ప్రమాదం స్వల్పమే, శూన్యం మాత్రం కాదు. దానం తర్వాత గర్భం దాల్చిన స్త్రీలలో రక్తపోటు, తత్సంబంధమైన గర్భకాల సమస్యలు 11 శాతం గర్భాలలో, దాతలు కాని స్త్రీలలో 5 శాతం గర్భాలలో కనిపించాయని 2015 నాటి కెనడా అధ్యయనం చెబుతున్నది. సజీవ దాతల్లో స్త్రీలే అధికంగా ఉన్న మన దేశంలో ఈ సంగతి సంతకానికి ముందే చెప్పవలసినది.

ఇక చెన్నైలో మూత్రపిండం అమ్ముకున్న 305 మందిని పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనాన్ని చూద్దాం. వారిలో 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్ముకున్నారు. తర్వాత కుటుంబ ఆదాయం మూడో వంతు తగ్గింది. అత్యధికుల అప్పు తీరనేలేదు. 86 శాతం మంది ఆరోగ్యం క్షీణించిందన్నారు. చేసిన శస్త్రచికిత్స ఒకటే. భేదమంతా ఇచ్చిన పరిస్థితిలోనూ, తర్వాత లభించిన సంరక్షణలోనూ ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 26 ప్రశ్నల సంక్షిప్త ప్రశ్నావళి శరీరం, మనసు, సామాజిక సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు రంగాల్లో జీవన నాణ్యతను కొలుస్తుంది. డబ్బు, వైద్యం అందుబాటు చివరి రంగంలోకి వస్తాయి. మన భాషలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇచ్చినదాన్ని ఎత్తి చెబితే దానఫలం పోతుందన్న సంస్కారం మనది. కొడుకు పక్కన కూర్చుని ఉండగా “ఒంట్లో ఎలా ఉందమ్మా?” అని అడిగితే, నీరసం గురించి ఏ తల్లి చెబుతుంది? “నాకేం, బాగానే ఉన్నాను” అంటుంది. ఆ జవాబును ఆరోగ్యంగా లెక్కవేయాలా, మర్యాదగా లెక్కవేయాలా? కాబట్టి తెలుగులో ప్రశ్నావళి చేపట్టే పరిశోధకులు దాతను ఒంటరిగా కలవాలి. “అలసట ఉందా?” అనడంకంటే “నీళ్ల బిందె ఎత్తుతున్నారా? మళ్లీ పనికి ఎప్పుడు వెళ్లారు? రక్తపోటు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు, ఆ ఖర్చు ఎవరు పెట్టారు?” అని అడగడం మేలు.