అడిగితే... అదే చెబుతుంది!

'పేరు?' కొట్టాలి. 'పాస్‌వర్డ్?' అదీ కొట్టాలి. 'పాత ఫైళ్లు చెరిపేయమంటారా?' అవునంటే 'వై' నొక్కాలి. ఒక కంప్యూటరైతే సరే. రెండొందలుంటే? అదీ అర్ధరాత్రి దాటాక!

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల నుంచి హైదరాబాద్ వెళ్లి సర్వర్ల దగ్గర రాత్రి డ్యూటీలు చేసే కుర్రాళ్లకు ఈ తంతు తెలిసిందే. సిరిసిల్ల సాంచాలనే చూడండి. వాటంతటవే నడుస్తాయి కానీ, పేక పోగు తెగితే ఆగిపోతాయి. మనిషొచ్చి సరిచేయాల్సిందే. నల్లతెర మీద నడిచే ప్రోగ్రాములూ అంతే. ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగిపోతాయి.

'జవాబులన్నీ ముందే ఫైల్లో రాసిపెడితే సరి' అంటారా? ఓరోజు ఒక ప్రశ్న ఎక్కువ వచ్చిందంటే చాలు, జవాబులన్నీ తారుమారు. పైగా పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రాములు చాలావరకూ ఫైలు మాట వినవు. కీబోర్డు దగ్గర మనిషి ఉండాలంటాయి.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసే డాన్ లైబ్స్ 1990లో ఈ చిక్కుముడి విప్పారు. బర్కిలీలో ప్రొఫెసర్ జాన్ ఔస్టర్‌హౌట్ తయారుచేసిన 'టికిల్' అనే చిన్న భాష మీద 'ఎక్స్‌పెక్ట్' రాశారు. అది ఓ ఉత్తుత్తి టెర్మినల్‌ను సృష్టిస్తుంది. అవతలి ప్రోగ్రామేమో ఎదురుగా మనిషే ఉన్నాడనుకుంటుంది! ఇక 'స్పాన్' అంటే ప్రోగ్రామును మొదలుపెట్టు, 'ఎక్స్‌పెక్ట్' అంటే ఫలానా మాట వచ్చేదాకా ఎదురుచూడు, 'సెండ్' అంటే జవాబు పంపు. పది సెకన్లు చూసినా ఆ మాట రాకపోతే ఏం చేయాలో కూడా రాసుకోవచ్చు. అసలు గొప్పతనం జవాబివ్వడంలో కాదు, అలా ఓపిగ్గా వినడంలో ఉంది.

దీంతో పాటు లైబ్స్ ఇచ్చిన ఓ నమూనా భలే సరదాగా ఉంటుంది. 'రోగ్' అనే పాత ఆటలో మన వీరుడి బలం మామూలుగా 16. ఎప్పుడో అదృష్టం బాగుంటే 18. స్క్రిప్టు ఆట మొదలుపెట్టి, 18 కనిపించకపోతే మూసేసి, మళ్లీ మొదలుపెడుతుంది... విసుగూ విరామం లేకుండా. 18 రాగానే 'ఇంటరాక్ట్' అంటూ ఆటను మనకు అప్పగిస్తుంది.

ఇంత హాయిలోనూ రెండు గోతులున్నాయి. స్క్రిప్టులో పాస్‌వర్డ్ రాస్తే, ఆ ఫైలు చదవగలిగిన ప్రతివాడికీ తాళంచెవి ఇచ్చినట్టే. అందుకే వీలున్న చోట ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు వాడటం మేలు. రెండోది ఇంకా పెద్దది. 'చెరిపేయమంటారా?' అని ప్రోగ్రాము ఊరికే అడగదు. మనిషి ఓ క్షణం ఆగి చూసుకుంటాడని అడుగుతుంది. స్క్రిప్టుకు ఆ క్షణం ఉండదు. రెండొందల చోట్లా టకటకా 'వై' కొట్టేసి పోతుంది.

కాబట్టి పేరు, పాస్‌వర్డ్, మామూలు ప్రశ్నలు స్క్రిప్టుకే వదిలేయొచ్చు. చెరిపేసే ప్రశ్న రాగానే మాత్రం, ఆటలో చేసినట్టే 'ఇంటరాక్ట్' అని రాసుకుంటే సరి. కునుకు తీస్తున్న కుర్రాడు లేచొచ్చి, తెర మీద ఏ సర్వర్ పేరుందో చూసి, అప్పుడు నొక్కుతాడు.