స్కాన్ చేస్తే సరిపోతుందా?

‘కన్యాశుల్కం’ ఒకటి కాదు, రెండు. 1897లో అచ్చయింది అయిదంకాల నాటకం. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి ఏడంకాలకు పెంచారు. ఇవాళ మనం చదివేది, ఆడేది, మాటల సందర్భంలో తలచుకునేది ఈ రెండోదాన్నే. మొదటి కూర్పు చాలాకాలం మరుగున పడిపోతే, 1969లో పరిశోధకుడు బంగోరె పట్టుబట్టి మళ్లీ అచ్చువేయించారు. ఏ మాట పోయింది, ఏ మాట వచ్చి చేరింది, ఏ సన్నివేశం ఎక్కడికి జరిగింది అని తేల్చుకోవాలంటే రెండు పుస్తకాలూ ముందు పెట్టుకుని, పెన్సిల్ పుచ్చుకుని పేజీ పేజీ తిప్పాల్సిందే.

రవీంద్రుడి మీద పరిశోధన చేసే విద్యార్థికి ఈ బాధ చాలావరకు తప్పింది. కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ‘స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్’ అనే విభాగం ఉంది. ఇంగ్లిషు ఆచార్యులు సుకాంత చౌధురి ఆధ్వర్యంలో, కేంద్ర సాంస్కృతిక శాఖ సాయంతో ఆ విభాగం వాళ్లు 2013లో రవీంద్రుడి రచనల పాఠాలన్నీ ఒకచోట చూపే ‘బిచిత్ర’ అనే వెబ్‌సైటును తెచ్చారు. శాంతినికేతన్‌లోని రవీంద్రభవన్ నుంచి, హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీ నుంచి సేకరించిన 47,520 రాతప్రతి పేజీలు, పుస్తకాల్లో, పత్రికల్లో అచ్చయిన 91,637 పేజీలు అందులో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

ఆ రాతప్రతుల్లో ఒక్క పేజీ చూస్తే చాలు, ఈ పని ఎంత కష్టమో తెలుస్తుంది. రవీంద్రుడు మాటను కొట్టేసి ఊరుకునేవాడు కాదు. కొట్టివేతల గీతల్ని ఒకదానితో ఒకటి కలుపుతూ పోయి ఒక పక్షినో, ముసుగు మొహాన్నో, పేరులేని జంతువునో గీసేవాడు. ‘పూరబి’ కవితాసంపుటి రాతప్రతి ఇందుకు ప్రసిద్ధం. సంపాదకుడికి ఆ బొమ్మ ఎంత ముఖ్యమో, దాని కింద దాగిన మాటా అంతే ముఖ్యం. కవి మొదట ఏమనుకున్నాడు, ఎందుకు వద్దనుకున్నాడు అన్నది అక్కడే తెలుస్తుంది. ఏ యంత్రమూ దాన్ని తనంతట తాను చదవలేదు. భాష తెలిసినవాళ్లు కూర్చుని, కళ్లు చికిలించి, కొట్టివేతలతో సహా ఎక్కించాలి. అలా ఎక్కించాక ‘ప్రభేద్’ అనే సాఫ్ట్‌వేర్ అందుకుంటుంది. ముందు అంకాలనో అధ్యాయాలనో, తరవాత పేరాలనో చరణాలనో, చివరికి మాటకు మాటనూ పోల్చి తేడాలు చూపిస్తుంది. డిజిటల్ హ్యుమానిటీస్ అని విశ్వవిద్యాలయాల్లో చెబుతున్న చదువులో ఇదొక ముఖ్యమైన పాయ. ఇందులో భాషాపండితుడూ ప్రోగ్రామరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఈ పని మనకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందటే సి.పి. బ్రౌన్ కడపలో సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టి ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరించిన తాళపత్రాలు, కాగితపు ప్రతులు మద్రాసుకు చేరి, అక్కడి ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి ప్రాణమయ్యాయి. ఆ సంప్రదాయాన్ని మనం కంప్యూటర్ దాకా తీసుకురాలేకపోయాం.

స్కానింగ్ మాత్రం బాగానే జరిగింది. తెలుగువాడైన రాజ్ రెడ్డి తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకంలో భాగంగా, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల చేయూతతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలిసింది. వేల తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. ఆ మేలు మరువలేనిది. కానీ పుస్తకం పేరు ఇంగ్లిషు అక్షరాల్లో తప్పుల తడకగా రాసి ఉంటే, రచయిత పేరు ఉండాల్సిన చోట మరొకరి పేరు ఉంటే, వెతికేవాడికి ఆ పుస్తకం లేనట్టే. తరవాత ఆ సైటూ ఆగిపోయింది. పుస్తకాలు మనకు దక్కాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాటికి ఇంకో ప్రతి ఉండబట్టే. ఒకే దాన్ని అనేకచోట్ల భద్రపరచాలన్న సూత్రం మీదే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ‘లాక్స్’ అనే వ్యవస్థను నడుపుతోంది.

నాకు ఎక్కువ భయం 1909 నాటి పుస్తకం గురించి కాదు, 1995 నాటి దాని గురించి. పాత పుస్తకానికి కాగితమైనా ఉంది. డీటీపీ రోజుల్లో అను, శ్రీలిపి ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైళ్లను ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క కనబడదు. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. 1991 నుంచే యూనికోడ్‌లో తెలుగుకు చోటున్నా, మన ప్రెస్సులు ఆ దారికి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో బీబీసీ తన డూమ్స్‌డే ప్రాజెక్టు కింద 1986లో లేజర్ డిస్కుల మీద ఎక్కించిన సమాచారాన్ని పదిహేనేళ్లకే చదవడం దాదాపు అసాధ్యమైపోయింది. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పూనుకుని దాన్ని బయటికి తీయాల్సి వచ్చింది. ఆ ప్రాజెక్టుకు పేరిచ్చిన, ఇంగ్లండ్ భూముల లెక్కలతో 1086లో చేత్తో రాసిన అసలు డూమ్స్‌డే పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ చదువుకోవచ్చు.

మన దగ్గర పనితనానికి కొదవ లేదు. అచ్చు తెలుగును యంత్రం చేత చదివించే ప్రయత్నం గురించి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001లోనే పత్రం ప్రకటించారు. ట్రిపుల్ ఐటీలో కంప్యూటింగ్‌నూ మానవ శాస్త్రాలనూ కలిపి నేర్పే కోర్సే ఉంది. ఇక కదలాల్సింది తెలుగు శాఖలు. పాఠపరిష్కరణ, సూచీకరణ, డిజిటల్ పరిరక్షణ ఎం.ఏ.లో ఒక పేపరు కావాలి. పరిశోధక విద్యార్థులకు పని కావాలంటే రెండు కన్యాశుల్కాలు సిద్ధంగా ఉన్నాయి. గురజాడ 1915లోనే వెళ్లిపోయారు కనుక హక్కుల చిక్కు కూడా లేదు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో, మీ ప్రెస్సులో, మీ నాన్నగారి బీరువాలో పాత సీడీలు, ఫ్లాపీలు, పేజ్‌మేకర్ ఫైళ్లు ఉంటే ఈ ఏడాదే తీయండి. యూనికోడ్‌లోకి మార్పించండి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం తెలుగులో స్పష్టంగా రాయండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.